డిస్ట్రిబ్యూటర్‌తో థియేటర్ అగ్రిమెంట్ ఎలా రాసుకోవాలి? విశాఖ ఎగ్జిబిటర్ల కోసం

గాజువాక, పెందుర్తి, అనకాపల్లి, భీమిలి వైపు సింగిల్ స్క్రీన్ నడిపేవాళ్లు తరచూ అడిగే మాట ఒకటుంది. "సినిమా ఆడింది, జనం వచ్చారు, చివరికి మాకేమీ మిగల్లేదు. ఎక్కడ పోయింది?" చాలాసార్లు ఆ డబ్బు ఫోన్లో బేరం కుదిరిన రోజే పోయి ఉంటుంది. "ఎప్పటిలాగే సార్" అని ఒప్పుకున్న మాటలో అద్దె ఎంతో ఉంటుంది. డెఫిసిట్ (కలెక్షన్ అద్దెకు చాలనప్పుడు పడే లోటు) ఎవరిదో, జీఎస్టీ ఎలా తీయాలో, సినిమా వాయిదా పడితే అడ్వాన్స్ ఎప్పుడు తిరిగొస్తుందో ఉండదు. రాయని ప్రతి విషయంలోనూ తర్వాతి పెద్ద సినిమా ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాటే నెగ్గుతుంది.

థియేటర్ల లెక్కలు, కాగితాలు చూసేవాడిగా చెబుతున్నాను. రెండు పేజీల అగ్రిమెంట్, రోజూ సంతకం పడే డీసీఆర్ (రోజువారీ కలెక్షన్ రిపోర్టు), ఈ రెండూ ఉంటే గొడవల్లో చాలావరకు పుట్టవు. ఇది థియేటర్ వైపు నుంచి రాస్తున్నాను గానీ, డిస్ట్రిబ్యూటర్‌కు కూడా ఇదే మేలు. కలెక్షన్ దాచే థియేటర్లూ ఉన్నాయి, వాళ్ల వల్ల నిజాయితీగా నడిపేవాళ్ల మీద కూడా అనుమానం పడుతోంది.

ముందు దగ్గర పెట్టుకోవలసినవి

- థియేటర్ లైసెన్స్ కాపీ, లీజు మీద నడుపుతుంటే లీజు కాపీ
- ఇద్దరి జీఎస్టీ నంబర్లు, పాన్
- క్లాసుల వారీగా సీట్ల సంఖ్య, టికెట్ రేటు, అందులో జీఎస్టీ ఎంత అన్న పట్టిక
- డిస్ట్రిబ్యూటర్‌కు మన ఏరియా హక్కులు ఉన్నట్టు చూపే కాగితం
- సెన్సార్ సర్టిఫికెట్ కాపీ. రిలీజ్‌కు ముందు వచ్చినా చాలు, కానీ "వచ్చాకే షో" అని రాసి ఉండాలి
- గత ఏడాది కరెంటు బిల్లులు, జీతాల పట్టీ

చివరిది చాలామంది తీసుకురారు. బేరానికి కూర్చునేటప్పుడు అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చేది అదే.

1. మీ రోజు ఖర్చు తేల్చండి

ఈపీడీసీఎల్ కరెంటు బిల్లు, స్టాఫ్ జీతాలు, ప్రాపర్టీ టాక్స్, ప్రొజెక్టర్ అద్దె, క్లీనింగ్, ఏసీ మెయింటెనెన్స్, లీజు సొమ్ము అన్నీ కలిపి 365తో భాగించండి. షో వేయని రోజు కూడా కరెంటు కనెక్షన్ మీద డిమాండ్ చార్జీ పడుతుంది కాబట్టి ఆడిన రోజుల ఖర్చే లెక్కేస్తే తప్పు వస్తుంది. ఉదాహరణకు రోజుకు 22,000 తేలిందనుకుందాం, వారానికి 1,54,000. ఈ అంకె చీటీ మీద రాసి జేబులో పెట్టుకుని వెళ్లండి. దీనికి తక్కువ వచ్చే వారం ఏదైనా మీరు చేతి డబ్బు పెట్టి ఆడించినట్టే.

క్యాంటీన్, పార్కింగ్, స్లైడ్ యాడ్స్ ఆదాయం ఇందులో తగ్గించకండి. అవి వేరుగా ఉంచాలి, లేకపోతే "మీకు క్యాంటీన్ ఉందిగా" అని అద్దె కోస్తారు.

2. ఎవరితో రాస్తున్నారో చూడండి

మీతో మాట్లాడేది డిస్ట్రిబ్యూటరా, ఆయన దగ్గర కొన్న సబ్ డిస్ట్రిబ్యూటరా, బుకింగ్ ఏజెంటా? ఏజెంట్ అయితే ఆయన సంతకంతో డిస్ట్రిబ్యూటర్‌కు బాధ్యత రావాలంటే ఆథరైజేషన్ లెటర్ ఉండాలి. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి, లైసెన్స్ కూడా రాతపూర్వకంగా ఉండాలి. కాబట్టి కాపీ అడగడం అనుమానించడం కిందికి రాదు. రేట్లు కనిపించకుండా మూసి, పేర్లూ ఏరియా కనిపించే పేజీ ఇచ్చినా సరిపోతుంది.

ఏరియా రాసేటప్పుడు జాగ్రత్త. ట్రేడ్‌లో మనది ఉత్తరాంధ్ర, అంటే పాత శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాలు. 2022 ఏప్రిల్ 4 నుంచి పాత విశాఖ జిల్లా మూడైంది: విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు. "విశాఖ జిల్లా" అని మాత్రమే రాసిన కాగితం నర్సీపట్నం థియేటర్‌కు వర్తిస్తుందా అన్న ప్రశ్న రేపు తగాదాలో లేస్తుంది. థియేటర్ పేరు, ఊరు, మండలం రాసేయండి.

3. పద్ధతి ఎంచుకోండి

మన దగ్గర ఎక్కువగా నడిచేవి నాలుగు. అద్దె పద్ధతిలో వారానికి ఇంత అని థియేటర్ పట్టుకుని మిగతాది డిస్ట్రిబ్యూటర్‌కు షేర్‌గా ఇస్తుంది. పర్సంటేజ్‌లో నెట్‌ను (జీఎస్టీ తీసేయగా మిగిలిన కలెక్షన్‌ను) ఇద్దరూ పంచుకుంటారు. ఫిక్స్‌డ్ హైర్‌లో థియేటరే ఒక మొత్తం కట్టి, వచ్చిందంతా ఉంచుకుంటుంది. ఎంజీలో (మినిమమ్ గ్యారంటీలో) ఇంత షేర్ వస్తుందని థియేటర్ హామీ ఇస్తుంది, రాకపోతే తన జేబులోంచి పూడ్చాలి. చివరి రెండూ రిస్కంతా థియేటర్ మీద వేసేవి. చిన్న స్క్రీన్ వాళ్లు వాటి జోలికి వెళ్లవద్దనే నా సలహా. హీరో మీద అభిమానంతో ఎంజీ ఒప్పుకోవడం అసలే వద్దు.

అద్దె మేలా, పర్సంటేజ్ మేలా అన్నదే అందరూ అడిగేది. అంకెలతో చూడండి. ఒక సినిమా నెట్ మొదటి వారం 7,50,000, రెండో వారం 3,00,000, మూడో వారం 2,00,000 అనుకుందాం. అద్దె వారానికి 2,50,000. పర్సంటేజ్ అయితే డిస్ట్రిబ్యూటర్‌కు వరుసగా 60, 50, 40 శాతం.

- అద్దె పద్ధతి, డెఫిసిట్ డిస్ట్రిబ్యూటర్‌ది: మూడు వారాలకు థియేటర్‌కు 7,50,000, డిస్ట్రిబ్యూటర్‌కు 5,00,000
- అద్దె పద్ధతి, డెఫిసిట్ థియేటర్‌ది: థియేటర్‌కు 7,00,000, డిస్ట్రిబ్యూటర్‌కు 5,50,000
- పర్సంటేజ్: థియేటర్‌కు 5,70,000, డిస్ట్రిబ్యూటర్‌కు 6,80,000

మూడో వారం వచ్చింది 2,00,000, అద్దె 2,50,000. ఆ 50,000 లోటు ఎవరిదన్న ఒక్క వాక్యం లేకపోవడం వల్ల రెండు పక్షాలూ తమ తమ పుస్తకాల్లో వేర్వేరు బాకీ రాసుకుంటాయి. నేను చూసిన తగాదాల్లో ఎక్కువ ఇక్కడే మొదలయ్యాయి.

ఈ లెక్కలో అద్దె బాగుంది. అదే సినిమా హిట్టయి మొదటి వారం నెట్ 12,00,000 వస్తే? పర్సంటేజ్‌లో థియేటర్‌కు 4,80,000, అద్దెలో అదే 2,50,000. హౌస్‌ఫుల్ బోర్డులు పెట్టి కూడా అద్దెతో సరిపెట్టుకోవలసి రావడమే బాధ. 2025 మేలో తెలుగు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు అద్దె వద్దు, పర్సంటేజ్ కావాలని పట్టుబట్టి, జూన్ 1 నుంచి థియేటర్లు మూస్తామనేదాకా వెళ్లారు, తర్వాత విరమించుకున్నారు. హిందీ సినిమాలకు 2009లో నిర్మాతలకూ మల్టీప్లెక్సులకూ కుదిరిన ఒప్పందంలో డిస్ట్రిబ్యూటర్ వాటా వారాల వారీగా 50, 42.5, 37.5, 30 శాతంగా దిగేలా రాసుకున్నారు. వారం వారం దిగే వాటా మనకూ అడగదగ్గదే.

మధ్యేమార్గం: "అద్దె గానీ, నెట్‌లో 40 శాతం గానీ, ఏది ఎక్కువైతే అది" అని మొదటి వారానికి అడగండి. ఒప్పుకోకపోతే మొదటి వారం పర్సంటేజ్, రెండో వారం నుంచి తగ్గించిన అద్దె. ఆ తగ్గించిన అద్దె 1,54,000 కంటే కిందికి దిగకుండా చూసుకోండి, జేబులో చీటీ అందుకే.

4. నెట్ ఎలా తీస్తారో లైను లైనుగా రాయించండి

ఇప్పుడు టికెట్ ధర 100 రూపాయల వరకు జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. 100 లోపు టికెట్ల రేటు 2025 సెప్టెంబర్ 22న 12 నుంచి 5కి తగ్గింది. పాత ఎక్సెల్ షీట్లలో ఇంకా 12 ఉండిపోయిన చోట్లు ఉన్నాయి. మీది ఒకసారి తెరిచి చూడండి.

రెండు తప్పులు పదే పదే కనిపిస్తాయి.

మొదటిది, గ్రాస్‌లోంచి (జీఎస్టీతో కలిపిన మొత్తం కలెక్షన్‌లోంచి) నేరుగా 18 శాతం తీసేయడం. గ్రాస్ 8,85,000 అయితే దాన్ని 1.18తో భాగించాలి, నెట్ 7,50,000, జీఎస్టీ 1,35,000. నేరుగా 18 శాతం తీస్తే 1,59,300 పోతుంది. ఒక్క వారంలో 24,300 తేడా. రెండు క్లాసులకు రెండు రేట్లున్న హాల్లో మొత్తం మీద ఒకే రేటు తీయడం కూడా ఇలాంటి తప్పే. క్లాసు క్లాసుకూ విడిగా తీయాలి.

రెండోది, పర్సంటేజ్‌ను గ్రాస్ మీద కట్టడం. 8,85,000లో 60 శాతం 5,31,000. నెట్ మీద అయితే 4,50,000. అంటే ప్రభుత్వానికి కట్టవలసిన పన్నులోంచి 81,000 డిస్ట్రిబ్యూటర్‌కు ఇచ్చేసినట్టు. ఆ లోటు మీరే పూడ్చాలి.

వీటితో పాటు ఒక్కో వాక్యం రాయించవలసినవి: టికెట్ మీద మెయింటెనెన్స్ చార్జీ ఉంటే అది నెట్‌లోకి రాదు, థియేటర్‌దే. ఆన్‌లైన్ బుకింగ్ ఫీజులో థియేటర్‌కు వచ్చే భాగం ఎవరిది? క్యూబ్, యూఎఫ్ఓ లాంటి డిజిటల్ ప్రొజెక్షన్ కంపెనీలకు కట్టే వీపీఎఫ్ (వర్చువల్ ప్రింట్ ఫీజు) ఎవరు కడతారు? (దీని మీదే 2018 మార్చిలో దక్షిణాదిలో థియేటర్లకు సినిమాలు ఆగాయి.) లోకల్ పబ్లిసిటీ, వాల్ పోస్టర్లు, రెప్ (డిస్ట్రిబ్యూటర్ తరఫున థియేటర్‌కు వచ్చే మనిషి) బత్తా ఎవరిది? అద్దె మీద, షేర్ మీద జీఎస్టీ బిల్లు ఎవరు ఎవరికి ఇస్తారు, టీడీఎస్ ఎంత పట్టుకుంటారన్నది మీ ఆడిటర్ చేత రాయించండి, అంచనా మీద రాయకండి.

టికెట్ రేట్ల పెంపు సంగతి విడిగా చూసుకోవాలి. మన రాష్ట్రంలో రేట్లకు 2022 మార్చి 7 నాటి జీవో 13 ఉంది. పెద్ద సినిమాలకు కొద్ది రోజులు పెంచుకోమని వేరే ఉత్తర్వులు వస్తుంటాయి. పెంచిన మొత్తంలోనూ అదే వాటా వర్తిస్తుందని రాయించండి. ఉత్తర్వు రాకముందే పెంచిన రేటుతో అమ్మమని ఒత్తిడి వస్తే ఒప్పుకోవద్దు. లైసెన్స్ మీ పేరు మీద ఉంది.

5. షోలు, హోల్డోవర్, పక్క సినిమాలు

రోజుకు ఎన్ని ఆటలు, ఏ ఆటలు అన్నది రాయండి. "రెగ్యులర్ షోస్" అని రాస్తే మార్నింగ్ షో ఉందా లేదా అని రెండో వారంలో వాదన వస్తుంది. హోల్డోవర్ అంకె కూడా పెట్టండి: శుక్ర, శని, ఆది మూడు రోజుల నెట్ ఇంతకు తగ్గితే వచ్చే శుక్రవారం సినిమా మార్చుకునే స్వేచ్ఛ థియేటర్‌కు ఉంటుంది, తగ్గకపోతే ఆటలు కోయకూడదు. ఇది రెండు వైపులా రక్షణ. సంక్రాంతికి మంచి కలెక్షన్‌లో ఉన్న చిన్న సినిమాను తీసేసి పెద్దది వేయమని ఒత్తిడి వచ్చినప్పుడు, చిన్న సినిమా డిస్ట్రిబ్యూటర్ చేతిలో ఉండే ఆధారం ఈ అంకె ఒక్కటే.

"ఇది కావాలంటే మా మిగతా రెండు సినిమాలు కూడా వేయాలి" అంటే? ముందు వేరు వేరు అగ్రిమెంట్లు అడగండి. ఒకదానికి మరొకటి తప్పనిసరి చేసే షరతులు పోటీకి దెబ్బ తీస్తే కాంపిటీషన్ చట్టం, 2002 కిందికి వస్తాయి. ఆ చట్టం థియేటర్ల వైపు కూడా చూస్తుంది. అందరూ కలిసి ఫలానా వాళ్ల సినిమా వేయవద్దని తీర్మానించుకోవడం కూడా అదే చట్టం కింద తప్పు. మల్టీప్లెక్సులకు సినిమాలు ఇవ్వకుండా 2009లో కూడబలుక్కున్న నిర్మాతలకు కాంపిటీషన్ కమిషన్ 2011లో ఒక్కొక్కరికి లక్ష రూపాయల జరిమానా వేసింది. వాటాలు అడగండి, కలిసి అడగండి, బహిష్కరణ తీర్మానాల మీద మాత్రం సంతకం పెట్టకండి.

అభిమానుల షోలకు ఒక పేరా చాలు: హాలు మొత్తం తీసుకుంటే డబ్బు ముందే కట్టాలి, సీట్లు, స్క్రీన్ పాడైతే ఎవరు బాగుచేయించాలో పేరుతో సహా రాయాలి, పోలీసు అనుమతి ఎవరు తేవాలో రాయాలి.

6. అడ్వాన్స్, చెక్కులు

అడ్వాన్స్ తిరిగొచ్చేదా, హైర్‌లో సర్దేదా అన్నది రసీదు మీదే రాయాలి. సినిమా పేరు కూడా రసీదు మీద ఉండాలి. "ఆన్ అకౌంట్" అని తీసుకున్న రసీదుతో, ఈ సినిమాకిచ్చిన డబ్బు ఎప్పటిదో పాత బాకీలోకి సర్దేస్తారు. రిలీజ్ డేట్ మారితే ఇన్ని రోజుల్లో తిరిగివ్వాలి, దాటితే వడ్డీ ఇంత అని పెట్టండి. 15 నుంచి 30 రోజుల గడువు అడగడం సబబు.

ఖాళీ చెక్కు ఇవ్వకండి. ఇక తప్పదంటే పేరు, మొత్తం నింపి, "ఫలానా సినిమా సెక్యూరిటీ కోసం" అని ఒక లెటర్‌లో చెక్కు నంబరుతో రాసి, ఆ లెటర్ అందినట్టు సంతకం తీసుకోండి. మీకొచ్చిన చెక్కు బౌన్సయితే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లోపు నోటీసు పంపాలి. అవతలివాళ్లకు కట్టడానికి 15 రోజులు ఉంటుంది, ఆ తర్వాత నెల లోపు కోర్టులో ఫిర్యాదు చేయాలి. "వచ్చే వారం ఇస్తాలే అన్నా" అన్న మాట వింటూ ఈ గడువులు దాటించుకోవద్దు.

7. తుపాను, కరెంటు, కేడీఎం

సముద్రం పక్కన ఉన్నాం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి ఊళ్లో కరెంటు లేదు. అలాంటి రోజులకు అద్దె ఎలా అన్నది ముందే రాయండి. నేను రాయించేది ఇలా ఉంటుంది: "తుపాను, ప్రభుత్వ ఉత్తర్వు, ఫీడర్ లోపం వల్ల ఆట పడకపోతే ఆ ఆటకు అద్దె గానీ, హైర్ గానీ లెక్కలోకి రాదు. అలా ఆగిన రోజులు అగ్రిమెంట్ గడువుకు కలుస్తాయి." జనరేటర్ చెడిపోవడం లాంటి థియేటర్ తప్పులను ఇందులో కలపకండి, అది న్యాయం కాదు.

కేడీఎం (డిజిటల్ సినిమా ఫైలును తెరిచే కీ) రిలీజ్ ముందు రోజు సాయంత్రానికి అందాలని టైమ్‌తో రాయండి. వేరే సినిమా బాకీ సాకుగా కీ ఆపకూడదన్న వాక్యం తప్పక ఉండాలి. తెల్లారి ఆటకు ఆన్‌లైన్‌లో టికెట్లు అమ్ముడైపోయాక కీ ఆగితే, థియేటర్ ఏ షరతుకైనా తలూపాల్సి వస్తుంది. కీ రాగానే మీ సర్వర్ నంబరుకే ఉందా, ఏ తేదీ, ఏ గంట నుంచి ఏ గంట వరకు పనిచేస్తుందో చూసి, పది నిమిషాలు వేసి సౌండ్, సబ్‌టైటిల్ సరిచూడండి.

8. రోజూ డీసీఆర్

ఆఖరి ఆట మొదలై కౌంటర్ మూశాక అదే రాత్రి డీసీఆర్ తయారవ్వాలి. ఆట వారీగా, క్లాసు వారీగా అమ్మిన టికెట్లు, కౌంటర్ ఎంత, ఆన్‌లైన్ ఎంత, గ్రాస్, జీఎస్టీ, నెట్. రెప్ సంతకం, మేనేజర్ సంతకం. కాంప్లిమెంటరీ పాసులకు కూడా ఒక గడి పెట్టండి.

సరిచూసుకోవడం ఇలా: మొదటి టికెట్ నంబరు, చివరి టికెట్ నంబరు తేడాకు ఒకటి కలిపితే వచ్చేది కౌంటర్ సంఖ్యతో కలవాలి. ఆన్‌లైన్ సంఖ్య బుకింగ్ కంపెనీ పంపే రిపోర్టుతో కలవాలి. ఆన్‌లైన్ డబ్బు కొన్ని రోజులు ఆలస్యంగా ఖాతాలో పడుతుంది కాబట్టి, బ్యాంకులో పడినదాన్ని బట్టి ఆ రోజు కలెక్షన్ రాయకండి, ఆట తేదీని బట్టి రాయండి. వారంలో ఒక్కసారైనా సెకండ్ షో ఇంటర్వెల్‌కు ముందు సీట్లు లెక్కపెట్టించి డీసీఆర్‌తో పోల్చండి. డిస్ట్రిబ్యూటర్ ఆ పని చేయిస్తానంటే అడ్డు చెప్పకండి. కాంపిటీషన్ కమిషన్ 2022లో ఇచ్చిన సినిమా పంపిణీ అధ్యయనం కూడా కలెక్షన్లు కంప్యూటర్‌లో నమోదై అందరికీ కనిపించే ఏర్పాటు కావాలనే చెప్పింది.

రెప్ రాని రోజు డీసీఆర్ ఫొటో తీసి అదే రాత్రి వాట్సాప్‌లో పంపండి. "24 గంటల్లో అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే" అని అగ్రిమెంట్‌లో ఉంటే ఆ మెసేజే రుజువు.

9. తగాదా వస్తే ఎక్కడ?

"హైదరాబాద్ కోర్టుల పరిధి" అని అచ్చేసిన ఫారాలు వస్తుంటాయి. కొట్టేసి "విశాఖపట్నం" అని రాసి, పక్కన ఇద్దరూ సంతకం పెట్టండి. ఆర్బిట్రేటర్‌ను డిస్ట్రిబ్యూటర్ ఒక్కరే నియమిస్తారని ఉంటే మార్పించండి. ఫలితం మీద ఆసక్తి ఉన్న పక్షం ఏకపక్షంగా ఏకైక ఆర్బిట్రేటర్‌ను నియమించడం కుదరదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. రావలసిన డబ్బుకు దావా వేసే గడువు మామూలుగా మూడేళ్లు. పాత బాకీ ఉంటే ఏడాదికోసారి బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ మీద సంతకం తీసుకోండి.

10. ముగింపు లెక్క

సినిమా తీసేసిన ఏడు నుంచి పది రోజుల్లో ఫైనల్ స్టేట్‌మెంట్ వేయండి. వారాల వారీ నెట్, అద్దె లేదా వాటా, అడ్వాన్స్, టీడీఎస్, మిగులు. దాన్ని డీసీఆర్‌ల మొత్తంతో, మీరు వేసిన జీఎస్టీ రిటర్న్‌తో పోల్చండి. ఈ మూడింటిలో అంకె ఒకటే రావాలి, రాకపోతే డబ్బు పంపేముందే తేడా వెతకండి. డబ్బు బ్యాంకు ద్వారా పంపి, సినిమా పేరుతో "బాకీ లేదు" లెటర్ తీసుకుని, సెక్యూరిటీ చెక్కు వెనక్కి తెచ్చుకోండి. చెక్కు చేతికి రాకుండా తర్వాతి సినిమాకు అడ్వాన్స్ కట్టవద్దు.